రంగు వేసే ముందు చక్రం చూడండి

కుప్పంలో పాత బండ్లకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. తాతల నాటి బుల్లెట్లు, నాన్నలు నడిపి పక్కన పెట్టేసిన ఎజ్డీలు, రాజ్‌దూత్‌లు, ఆర్ఎక్స్ 100లు పశువుల కొట్టాల్లోంచి, మెట్ల కింది చీకట్లోంచి ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. కుర్రాళ్లు జీతం డబ్బులు దాచుకుని మరీ వాటిని బాగు చేయించుకుంటున్నారు. ఆదివారం పొద్దున వి.కోట వైపు వెళ్లినా, క్రిష్ణగిరి దారి పట్టినా అలాంటి బండి ఒకటైనా ఎదురొస్తుంది. ఆ చప్పుడంటే నాకు ప్రాణం. అందుకే ఈ వారం ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఇంజన్‌కు బోరు చేయిస్తున్నారు, ట్యాంకుకు బంగారు గీతలు వేయిస్తున్నారు, సీటు కొత్తగా కుట్టిస్తున్నారు. చక్రాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తుప్పు రుద్ది, మెరుగు పెట్టించి, పని పూర్తయిందనుకుంటున్నారు.

ఇంజన్ ఆగిపోతే బండిని పక్కకు తోసి మెకానిక్‌కు ఫోన్ చేయొచ్చు. బ్రేకు తగ్గుతూ వస్తే కాలికి తెలుస్తుంది. మొగిలి ఘాట్‌లో దిగుతున్నప్పుడు ముందు చక్రం విరిగితే ఏం చేయడానికీ వ్యవధి ఉండదు. పాత బండి మీద మనకున్న గౌరవం అన్నిటికంటే ముందు దాని చక్రాలను పరీక్షించడంలో కనబడాలని నేను నమ్ముతాను.

మా ఇంట్లోనూ ఒక పాత బుల్లెట్ ఉంది. 1955లో మద్రాసులో మొదలైన వంశంలోదే. దూరం బయల్దేరే ముందు దానికి సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, చిన్న స్పానర్‌తో స్పోకులన్నిటినీ వరసగా తడతాను. చక్రానికి 40 స్పోకులు. బిగువుగా ఉన్నది ఖంగుమని పలుకుతుంది. వదులైపోయినది మొద్దుగా చప్పుడు చేస్తుంది. తర్వాత ఫోర్కుకు ఆనించి ఒక సుద్దముక్క పట్టుకుని రిమ్ తిప్పితే, ఎక్కడ పక్కకు తోసుకొచ్చిందో అక్కడ గీత పడుతుంది. చివరగా చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపుతాను. లటలటలాడితే బేరింగులు అరిగినట్టు. అంతా కలిపి పావుగంట పని. ఆ పావుగంట తర్వాత బండెక్కితే కలిగే నిశ్చింత నాకు ఇంకెందులోనూ దొరకలేదు.

స్పోకుల చక్రం పనిచేసే తీరు తెలిస్తే ఆ తట్టడం ఎందుకో అర్థమవుతుంది. స్పోకులన్నిటినీ లాగి బిగించి చక్రం కడతారు. బండి నడుస్తున్నప్పుడు నేలవైపు ఉన్న స్పోకుల బిగువు కాస్త సడలుతుంది, పైకి పోగానే మళ్లీ వస్తుంది. 3.25–19 టైరున్న బుల్లెట్ చక్రం కిలోమీటరుకు సుమారు 490 సార్లు తిరుగుతుంది. కుప్పం నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరేలోపు ఒక్కో స్పోకూ ఇలా సడలి బిగియడం యాభై వేల సార్ల పైమాటే. లక్ష కిలోమీటర్లు నడిచిన బండికి లెక్క కడితే 4 కోట్ల 90 లక్షల సార్లు. వదులైన స్పోకు మరీ ఎక్కువగా ఊగుతుంది, దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. హబ్ దగ్గర తల వంచి ఉన్నచోట ఒకటి పుటుక్కుమంటే దాని పక్కది కూడా ఎన్నాళ్లో ఉండదు.

ఇలా పదేపదే మోయడం వల్ల లోహం అలసిపోతుందన్న సంగతి ప్రపంచానికి చాలా ప్రాణాలు పోయాకే తెలిసింది. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు ఇంజన్ ఇరుసు విరిగి, బోగీలు ఒకదాని మీదికొకటి ఎక్కి మంటలు లేచి, యాభై మందికి పైగా చనిపోయారు. ఆ ఇరుసు మీద ఆ రోజు మామూలుకు మించిన బరువేమీ పడలేదు. రోజూ మోసే బరువే, ఎన్నో రోజులుగా మోసిన బరువే దాన్ని లోలోపల చీల్చింది. తర్వాత ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ రైల్వే ఇంజనీరు ఇరుసులను ఏళ్ల తరబడి తిప్పి చూసి, ఎంత బరువుకు ఎన్ని చుట్లు తట్టుకుంటాయో లెక్క తీశాడు. ఉక్కు విషయంలో ఒక హద్దు ఉంది. బరువు ఆ హద్దు లోపలే ఉంటే ఎన్నిసార్లు తిప్పినా అది తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న బరువులు కూడా దాని ఖాతాలో జమ అవుతూనే ఉంటాయి.

మన దగ్గర ఆ బరువులు చిన్నవి కూడా కావు. 40 లీటర్ల పాల క్యాన్లు రెండు కడితే ఒక్క పాల బరువే 80 కిలోలు దాటుతుంది. టమాటా కాలంలో మదనపల్లె దారిలో క్రేట్ల మీద క్రేట్లు పెట్టుకుని వెళ్లే బండ్లను రోజూ చూస్తాం. గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో గుంతలు సరేసరి. పాత బండిని కొంటున్నామంటే దాని గతాన్ని కూడా కొంటున్నాం. అది ఎవరి చేతుల్లో ఏం మోసిందో ఆర్సీ పుస్తకంలో ఉండదు.

మరి లోపలి పగులును పట్టుకునేదెలా? ఈ విద్య మా కుప్పం వాళ్లకు కొత్తది కాదు. ఆకుపచ్చ గ్రానైట్‌కు పేరున్న ఊరు మాది. క్వారీలో దిమ్మె కొనేవాడు ముందు దాన్ని సుత్తితో కొట్టి చెవి పెడతాడు. గట్టి రాయి మోగుతుంది, నెర్రె ఉన్న రాయి మూగగా ఉంటుంది. తర్వాత దిమ్మె నిండా నీళ్లు పోసి, ఎండలో ఆరనిస్తాడు. పైభాగమంతా ఆరిపోయాక కూడా ఒక సన్నగీత నల్లగా, తడిగా మిగిలిందంటే అక్కడ నెర్రె ఉన్నట్టే. బయట ఆరినా లోపలికి దిగిన నీరు త్వరగా రాదు.

రైల్వే వర్క్‌షాపుల్లో వెనకటికి లోహానికీ ఇదే పరీక్ష చేసేవారు. భాగాన్ని నూనెలో నానబెట్టి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపిండి పూసేవారు. పగుల్లోకి దిగిన నూనె మెల్లగా ఊరి తెల్లటి పూత మీద మరక వేసేది. ఇవాళ వెల్డింగ్ షాపుల్లో వాడే డై పెనెట్రెంట్ పరీక్ష దానికి వారసే. మూడు స్ప్రే డబ్బాలతో చేస్తారు. ఒకటి శుభ్రం చేసేది, ఒకటి ఎర్ర రంగు, ఒకటి తెల్లపూత. చక్రం మీది పెయింట్ పూర్తిగా తీసేసి, జిడ్డు పోయేలా కడిగి, ఎర్ర రంగు కొట్టి పది ఇరవై నిమిషాలు ఆగాలి. పైరంగును గుడ్డతో తుడిచేయాలి. క్లీనర్‌ను గుడ్డకు తడిపి తుడవాలే గానీ చక్రం మీద నేరుగా కొట్టకూడదు, కొడితే పగుల్లోని రంగు కూడా కడుక్కుపోతుంది. ఆ తర్వాత తెల్లపూత వేసి ఆగితే, పగులున్నచోట ఎర్రటి గీత తేలుతుంది. హబ్ చుట్టూ, ఆకులు రిమ్‌ను కలిసే మూలల్లో, బోల్టు రంధ్రాల దగ్గర, టైరు అంచు కూర్చునే చోట మరింత శ్రద్ధగా చూడాలి. ఈ పరీక్ష పైకి తెరుచుకున్న పగుళ్లనే చూపిస్తుంది. పోతలో లోపల ఉండిపోయిన బుడగలు కనబడాలంటే ఎక్స్‌రే తీయాల్సిందే.

ఈ పరీక్ష లేకుండా ఎక్కనే కూడని చక్రాలు కొన్ని ఉన్నాయి. అవి మెగ్నీషియంతో పోసినవి. లీటరు పరిమాణంలో ఉక్కు 7.85 కిలోలు, అల్యూమినియం 2.7 కిలోలు తూగితే మెగ్నీషియం 1.74 కిలోలే. చక్రం ఎంత తేలికైతే బండి అంత చురుగ్గా మలుపు తిరుగుతుంది, గుంతల్లో సస్పెన్షన్ అంత బాగా పనిచేస్తుంది. అందుకే 1970లలో రేసు బండ్లవాళ్లు దాని వెంట పడ్డారు. ఇటలీలో సైకిల్ సామాను తయారీతో పేరు తెచ్చుకున్న కంపాగ్నోలో కంపెనీ కార్లకు, మోటార్ సైకిళ్లకు మెగ్నీషియం చక్రాలు పోసింది. అమెరికాలో మోరిస్ చక్రాలు వచ్చాయి. అవి చూడటానికి అందంగా ఉంటాయి. రేసుల్లో కొన్ని సీజన్లు నిలిస్తే చాలన్న లెక్కతో పోసిన చక్రాలు ఇవాళ యాభై ఏళ్ల వయసులో, పురాతన బండ్లు సేకరించేవాళ్ల చేతుల్లో ఉన్నాయి.

మెగ్నీషియానికి తేమ, ఉప్పు పడవు. నిర్మాణాలకు వాడే లోహాల్లో అన్నిటికంటే తొందరగా కరిగిపోయే గుణం దానిది. ఈ గుణాన్నే మన ఇళ్లలోని గీజర్లు వాడుకుంటాయి. ట్యాంకులో ఒక మెగ్నీషియం కడ్డీ పెడతారు. నీళ్లలో అది తను కరిగిపోతూ ఉక్కు ట్యాంకును కాపాడుతుంది. గట్టినీళ్లున్న మన ఊళ్లలో కొన్నేళ్లకు ఆ కడ్డీని బయటికి తీసి చూస్తే సన్నని తీగ మాత్రమే మిగులుతుంది. చక్రంలోనూ జరిగేది అదే. మెగ్నీషియం హబ్ లోపల ఉక్కు బేరింగు ఉంటుంది, ఉక్కు బోల్టులు ఉంటాయి. పైపూత ఊడినచోట తడి చేరితే ఆ ఉక్కును కాపాడుతూ హబ్ తినుకుపోతుంది. తెల్లటి బూడిద రంగు పొడి, దాని కింద చిన్న గుంతలు, ఆ గుంతల అడుగున పగుళ్లు మొదలవుతాయి. పాత మిశ్రమాల్లో ఇనుము, నికెల్, రాగి మలినాలు ఎక్కువ ఉండేవి, అవి ఈ తినుకుపోవడాన్ని వేగం చేస్తాయి. మలినాలు బాగా తగ్గించిన మిశ్రమాలు 1980లలో గానీ రాలేదు. అందుకే ఫ్యాక్టరీల్లో మెగ్నీషియానికి రసాయనపు పూత వేసి, దాని మీద ప్రైమర్, దాని మీద పెయింట్ వేస్తారు. రంగు గీకేసి పాలిష్ చేసి మెరిపించడం దానికి చేయగల పెద్ద అపకారం.

దాన్ని గరుకు కాగితంతో రుద్దినప్పుడు రాలే పొడి నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. మెగ్నీషియం మంట మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా రేగుతుంది. 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లో లె మాన్ రేసులో మెర్సిడెస్ కారు ముక్కలై ప్రేక్షకుల మధ్యకు ఎగిరిపడినప్పుడు, దాని మెగ్నీషియం మిశ్రమపు బాడీ అంటుకుంది. మంటలార్పేవాళ్లు నీళ్లు చల్లడంతో మంట మరింత పెరిగింది. ఎనభై మందికి పైగా ప్రాణాలు పోయిన ఆ దుర్ఘటన మోటార్ రేసుల చరిత్రలోనే అతి ఘోరమైనది. మెగ్నీషియంతో పనిచేసే చోట పొడి ఇసుకో, లోహపు మంటల కోసం చేసిన పౌడర్ సిలిండరో దగ్గర ఉండాలి. వెల్డింగ్ టార్చ్ ఆ దరిదాపుల్లోకి రాకూడదు.

మన షాపుల్లో పోత చక్రం కనబడితే చాలు మ్యాగ్ వీల్ అనేస్తారు. వాటిలో దాదాపు అన్నీ అల్యూమినియమే. మన రాజ్‌దూత్ 350కి అన్న వరసైన యమహా ఆర్‌డీ 400కు 1976లోనే పోత అల్యూమినియం చక్రాలొచ్చాయి. 1983లో ఇక్కడ మొదలైన రాజ్‌దూత్ 350 మాత్రం స్పోకుల మీదే నడిచింది. 2003లో హీరో హోండా కరిజ్మా వచ్చేనాటికి పోత చక్రం మన కుర్రాళ్ల కోరికల్లో చేరింది. ఆ తొలినాటి బండ్లకూ ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. అల్యూమినియం చక్రం మెగ్నీషియమంత సున్నితం కాదు. దాని ప్రమాదం మరమ్మతుల్లో ఉంది. గుంతలో పడి వంగిన పోత చక్రాన్ని గ్యాస్ మంటతో కాల్చి, సుత్తితో కొట్టి గుండ్రం చేసి ఇస్తున్నారు. పోత చక్రానికి బలం ఫ్యాక్టరీలో కొలిచి ఇచ్చిన వేడివల్ల వస్తుంది. మళ్లీ ఇష్టమొచ్చినట్టు కాలిస్తే ఆ బలం పోతుంది, కొట్టినచోట సన్న పగుళ్లు పడతాయి. చూపుకు గుండ్రంగా ఉంటుంది, మోసే శక్తి మాత్రం తగ్గిపోతుంది. పగిలిన ఆకుకు ఆర్గాన్ వెల్డింగ్ చేసి అమ్మే చక్రం సంగతీ ఇంతే. ఇలాంటిది చవగ్గా వస్తుందని మీ బిడ్డ నడిపే బండికి వేయకండి. ఐఎస్ఐ గుర్తున్న కొత్త చక్రమే కొనండి.

ఇక మనకు ఎక్కువగా ఉన్నవి ఉక్కు రిమ్ములు. ఈమధ్య ఒక కుర్రాడు పాత ఎజ్డీని తెచ్చి నాకు చూపించాడు. కొత్తగా క్రోమ్ చేయించిన రిమ్ తుడుస్తూ, “చూడన్నా, మొహం కనబడతా ఉంది” అన్నాడు. “టైరు ఇప్పి లోపల చూసినావా అబ్బోడా?” అని అడిగాను. చూడలేదన్నాడు. పంచర్ షాపుకు తీసుకెళ్లి టైరు విప్పించాం. రిమ్ టేపు కింద తుప్పు పెచ్చులుగా ఊడింది. రెండు నిపిల్ రంధ్రాల దగ్గర పగులు కనిపించింది. వాల్వు రంధ్రంలోంచి, నిపిళ్ల సందుల్లోంచి దిగిన నీరు ఏళ్ల తరబడి అక్కడే నిలిచింది. పశువుల కొట్టంలో పేడ, మూత్రం తడిలో నిలబెట్టిన బండికి ఈ తుప్పు ఇంకా తొందర. మన ఊళ్లలో రిమ్ లోపలి ముఖం చూసే మనిషి పంచర్ వేసేవాడొక్కడే. “రిమ్ ఎట్లుందన్నా?” అని ఆయన్నడగడం అలవాటు చేసుకోవాలి. టైరు మీది చివరి నాలుగంకెలు కూడా అక్కడే చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. గాట్లు కొత్తగా కనబడినా, పక్కగోడల్లో సన్న బీటలున్న టైరు పనికిరాదు.

మెరుపు కోసం చేసే పనులే కొన్నిసార్లు ముప్పు తెస్తాయి. స్పోకులను ఆమ్లంలో ముంచి క్రోమ్ పూత వేయిస్తే, ఆ పనిలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేయగలదు. పూత తర్వాత వేడిచేసి ఆ హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి. చిన్న ప్లేటింగ్ షాపుల్లో ఆ ఏర్పాటు అరుదు. పాత స్పోకులకు పూత వేయించకండి, కొత్త స్పోకులు, కొత్త నిపిళ్లతో చక్రం మళ్లీ కట్టించండి. పౌడర్ కోటింగ్ మందంగా ఉంటుంది, ఉన్న పగుళ్లన్నిటినీ కప్పేస్తుంది. దాని ఓవెన్ వేడి 180 నుంచి 200 డిగ్రీలు. ఆ వేడి మెగ్నీషియం పోతల బలాన్నీ తగ్గించగలదు. ఇసుక కొట్టి పెయింట్ తీస్తే పగులు నోరు మూసుకుపోయి ఎర్ర రంగుకు కూడా దొరకదు. పెయింట్ రిమూవర్‌తో తీయించి, పరీక్ష చేయించి, ఆ తర్వాతే కొత్త రంగు వేయించాలి.

“అసలు సామాను మార్చేస్తే బండి విలువ పోదా?” అని సేకరించేవాళ్లు అడుగుతారు. వాళ్ల బాధ నాకు తెలుసు. మైసూరులో 1996లో మూతపడిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ గుర్తున్న రిమ్‌ను పక్కన పెట్టడానికి నాకూ మనసొప్పదు. కానీ 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ బండ్ల నిబంధనలు చూడండి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండిని ఆ నిబంధనలు గుర్తిస్తాయి. నంబరులో ‘వీఏ’ అక్షరాలొస్తాయి. ప్రదర్శనకో, ర్యాలీకో తప్ప రోజువారీ తిరగడానికి అనుమతి లేదు. అలసిపోయిన స్పోకులు మార్చొద్దని అందులో ఎక్కడా లేదు. విదేశాల్లో మెగ్నీషియం చక్రాలున్న సేకర్తలు చాలామంది పాటించే పద్ధతి నాకు నచ్చింది. అసలు చక్రాలను గోడకు తగిలించి, నడపడానికి కొత్తగా చేసిన అల్యూమినియం చక్రాలు వేసుకుంటారు. చరిత్ర గోడ మీద భద్రంగా ఉంటుంది, మనిషి రోడ్డు మీద భద్రంగా ఉంటాడు.

ఏటా జులైలో మన ప్రాంతం నుంచి జావా, ఎజ్డీ బండ్లు బెంగళూరు కలయికకు గుంపుగా బయల్దేరుతాయి. అలాంటి ప్రయాణాలకు ముందు వారం మన ఐటీఐల్లో, ఇంజనీరింగ్ కాలేజీల వర్క్‌షాపుల్లో ఒక ఆదివారం చక్రాల పరీక్ష పెడితే బాగుంటుంది. స్టాండు, సుద్దముక్క, మూడు స్ప్రే డబ్బాలు, ఓపికున్న నలుగురు పిల్లలు చాలు. విద్యార్థులకు లోహశాస్త్రం చేతుల మీదుగా అబ్బుతుంది, బండివాళ్లకు నిజం తెలుస్తుంది. ఏ కాలేజీ ముందుకొచ్చినా సాయానికి నేను వస్తాను.

అంతవరకూ నేను కోరేది ఒక్కటే. పాత బండి ఇంటికి తెచ్చిన రోజే, రంగు డబ్బా తెరవకముందే, రెండు చక్రాలూ విప్పి లోపలా బయటా చూడండి, చూడటం రాకపోతే వచ్చినవాళ్లకు చూపించండి. పరీక్షలో పగులు బయటపడిన చక్రాన్ని తిరిగి అమ్మకండి, ఎవరికీ ఊరికే కూడా ఇవ్వకండి. ఇచ్చేస్తే అది రంగు పూసుకుని మరొకరి బండి కిందికి చేరుతుంది. దాచుకోవాలనిపిస్తే ఇరుసు ఎక్కకుండా హబ్ కోసేసి గోడకు తగిలించుకోండి, వద్దనుకుంటే రంపంతో రెండు ముక్కలు చేసి పాత ఇనుముకు వేయండి.